ఆల్టో, ఓమ్ని ఆయిల్ పంపు: వరంగల్‌లో దొరికే మూడు రకాలు, వాటిని వేసే పని

ముందు తీర్పు చెప్పేస్తాం. పంపు మార్చక తప్పదని తేలితే కంపెనీ డబ్బాలో వచ్చే పూర్తి అసెంబ్లీ కొనండి. బయటి కంపెనీల్లో పేరున్నది రెండో మాట, అదీ కౌంటర్ మీదే కొలుచుకున్నాక. పాత ఇంజన్లోంచి ఊడదీసిన సెకండ్ హ్యాండ్ పంపు ఎంత చౌకగా ఇచ్చినా వద్దు. అయితే ఈ మూడింటి కంటే ముందు అడగాల్సింది ఒకటుంది: పంపే పోయిందని ఎవరు చెప్పారు, ఏం చూసి చెప్పారు? మీటర్ బోర్డు మీద ఎర్ర లైటు మిణుకుమంటే చాలు, "పంపు పోయింది సార్, మార్చాలె" అనే మాట హన్మకొండలోనూ వినిపిస్తుంది, కాజీపేటలోనూ వినిపిస్తుంది. గేజ్ పెట్టి ప్రెషర్ చూసి చెప్పేవాళ్లు తక్కువ.

ఇక్కడ మాట్లాడేది మారుతీ 796 సీసీ మూడు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్ గురించి. మారుతీ 800 కారు తయారీ 2014 జనవరిలోనే ఆగింది, ఓమ్ని 2019లో, ఆల్టో 800 2023లో. అయినా నర్సంపేట, పరకాల, ములుగు వైపు ఊళ్లలో ఓమ్నిలు ఇంకా స్కూలు పిల్లల్ని మోస్తూనే ఉన్నాయి, ఆల్టోలకైతే లెక్కే లేదు. అంచేత పంపుకు గిరాకీ తగ్గలేదు. గిరాకీ ఉన్నచోట రకరకాల సరుకు దిగుతుంది.

లైటు వెలిగితే పంపే దోషి కాదు

ఆ పంపు పని చాలా సాదాది. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ముందు కొస మీదే కూర్చుని క్రాంక్‌తో పాటే తిరుగుతుంది. లోపల ఒక చిన్న రోటరు, దాని చుట్టూ ఒక పెద్ద రోటరు. రెండూ తిరుగుతుంటే మధ్య సందు పెరిగి తగ్గుతూ, కింద ఆయిల్ నిలిచే తొట్టి, అంటే ఛాంబర్‌లోని ఆయిల్‌ను జాలి గుండా పీల్చి ఫిల్టర్ వైపు నెడుతుంది. అక్కణ్నుంచి మెయిన్ బేరింగులకు, కనెక్టింగ్ బేరింగులకు, పైన హెడ్డులో వాల్వులు తెరిచే క్యామ్‌కూ రాకర్లకూ. ప్రెషర్ మరీ ఎక్కువైతే, సుమారు 3 కేజీలు (చదరపు సెంటీమీటరుకు) దాటగానే, పంపులోనే ఉన్న రిలీఫ్ వాల్వు తెరుచుకుని మిగులు ఆయిల్‌ను మళ్లీ కిందికి వదిలేస్తుంది.

ఇందులో గుర్తుంచుకోవాల్సింది ఏంటంటే, పంపు ఇచ్చేది ఆయిల్‌నే, ప్రెషర్‌ను కాదు. ఆ ఆయిల్ బేరింగుల సన్నటి సందుల్లోంచి బయటికి రావడానికి పడే కష్టమే ప్రెషర్. బేరింగ్ అరిగి సందు రెట్టింపైతే అందులోంచి కారిపోయే ఆయిల్ దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. అట్లాంటి ఇంజన్‌కు ఎంత కొత్త పంపు వేసినా, పగిలిన కుండలో నీళ్లు పోసినట్టే. నెల తిరక్కుండా లైటు మళ్లీ వెలుగుతుంది, అప్పుడు తిట్లు పంపు కంపెనీకి.

కాబట్టి వరస ఇదీ. మొదట డిప్‌స్టిక్. బండి చదునుగా నిలబెట్టి, ఇంజన్ ఆపిన ఐదు నిమిషాల తర్వాత చూడాలి. లెవెల్ తక్కువుంటే మలుపుల్లో, బ్రేకు కొట్టినప్పుడు లైటు మెరుస్తుంది. ఎక్కువున్నా మంచిది కాదు: క్రాంక్ తగిలి ఆయిల్ నురగెత్తుతుంది, నురగను పంపు సరిగ్గా నెట్టలేదు. ఆయిల్‌కు పెట్రోల్ వాసన కొడుతుంటే, వేళ్ల మధ్య నీళ్లలా జారుతుంటే, పంపును మరిచిపోయి ముందు ఆయిలూ ఫిల్టరూ మార్చండి, పెట్రోల్ ఎందుకు దిగుతోందో చూడండి.

రెండోది ప్రెషర్ స్విచ్. ఇది చాలా చౌక వస్తువు, చాలాసార్లు ఇదే దొంగ. తాళం ఆన్ చేసి ఇంజన్ స్టార్ట్ చేయకముందు లైటు వెలగాలి, స్టార్టయ్యాక రెండు మూడు సెకన్లలో ఆరాలి. స్విచ్ వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే ప్రెషర్ మంచిగున్నా లైటు వెలుగుతూనే ఉంటుంది. వైరు పీకి చూడండి: పీకినా ఆరకపోతే తప్పు వైరుదే. దీనికి తలకిందుల మోసం కూడా ఉంది. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు తాళం ఆన్ చేస్తే ఆయిల్ లైటు అసలు వెలగలేదంటే సంబరపడొద్దు. బల్బు పోయి ఉండాలి, లేదా ఎవరో వైరు కత్తిరించి ఉండాలి. ఇంకో ఉపాయం, పలచటి ఆయిల్ పోయాల్సిన ఇంజన్‌లో 20డబ్ల్యూ-50 పోసి లైటును నిద్రపుచ్చడం. చిక్కటి ఆయిల్‌కు ప్రెషర్ పెరిగినట్టు కనిపిస్తుంది, అరిగిన బేరింగు మాత్రం అరిగినట్టే ఉంటుంది.

మూడోది, అసలైనది, గేజ్. స్విచ్ విప్పి అదే కన్నంలో మెకానికల్ ప్రెషర్ గేజ్ బిగించాలి. మర సన్నది, ఎనిమిదో వంతు అంగుళం, గేజ్‌తో వచ్చే అడాప్టర్ల డబ్బాలో ఉంటుంది. ఇంజన్ బాగా వేడెక్కాలి, రేడియేటర్ ఫ్యాను ఒకసారి తిరిగి ఆగేదాకా. చల్లటి ఇంజన్‌లో ఏ పంపైనా మంచిదే. వేడి మీద 3,000 నుంచి 4,000 ఆర్‌పీఎం మధ్య 3 కేజీల పైన చూపిస్తే పంపు జోలికి పోవద్దు. స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరిగేటప్పుడు, సగానికి సగం పడిపోవడం మామూలే. ఎర్ర లైటు వెలిగేది ప్రెషర్ అర కేజీ కంటే కిందికి దిగాకే, అంటే లైటు వెలిగేసరికి బేరింగులకు అందాల్సింది అందడం లేదన్నమాట. ఆ లైటుతో "ఇంకో పది కిలోమీటర్లే కదా" అని మడికొండ నుంచి హన్మకొండ దాకా తోలితే, పంపు ఖర్చుతో పోయేది క్రాంక్ గ్రైండింగ్ దాకా వస్తుంది.

గేజ్ తక్కువ చూపించినా పంపు ఇంకా దోషి కాదు. ఛాంబర్ దించి చూడాలి. ఇక్కడి రోడ్లకు తగ్గ జబ్బు ఒకటి ఛాంబర్‌లోనే ఉంటుంది. మేడారం జాతరకు అడవి దారుల్లో పోయిన చిన్న బండ్లు, క్వారీల వైపు తిరిగే బండ్లు అడుగున రాయి తగిలి వస్తాయి. ఛాంబర్ పగలదు, లోపలికి సొట్ట పడుతుంది. ఆయిల్ కారదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కానీ ఆ సొట్ట పైకి లేచి జాలి మూతికి ఆనుకుంటుంది, పంపు పీల్చడానికి దారి ఉండదు. స్లోలో బాగానే ఉండి, స్పీడు మీద ప్రెషర్ పడిపోతే అనుమానం ఇటే పోవాలి. ఛాంబర్ మార్చితే సరి, పంపు అక్కర్లేదు.

జాలిని కూడా వెలుతురుకు ఎత్తి చూడండి. నల్లటి మడ్డి పట్టి ఉంటే ఆయిల్ మార్పులు వాయిదా పడ్డట్టు. బూడిద రంగు, నలుపు రంగు రబ్బరు ముక్కలు అతుక్కుని ఉంటే అవి మడ్డి కావు, పోయినసారి ఛాంబర్ బిగించినవాడు అతిగా పూసిన బాండ్ (కారకుండా పూసే జిగురు) ముక్కలు. పాత ఫిల్టర్‌ను కోసి కాగితం మడతలు విప్పితే మెరుపులు కనిపిస్తాయేమో చూడాలి. అయస్కాంతానికి అంటుకుంటే ఉక్కు, రోటరో క్రాంకో అరిగింది. అంటుకోకుండా తళతళలాడితే బేరింగ్ పొర లేచింది. రెండోదైతే పంపు కొనడం ఆపి ఇంజన్ పని గురించి ఆలోచించండి.

డబ్బాల సంగతి

కంపెనీ పంపు: మారుతీ జెన్యూన్ పార్ట్స్ డబ్బాలో, హోలోగ్రామ్ ఉన్న లేబుల్‌తో, ఎంఆర్‌పీ ముద్రతో వస్తుంది. సుజుకీ లెక్కలో ఆయిల్ పంపు అసెంబ్లీ పార్ట్ నంబర్ 16100తో మొదలవుతుంది, ఫిల్టర్‌ది 16510తో. 800కూ ఓమ్నికీ ఆల్టోకూ ఒకటేనని కౌంటర్‌లో చేతికి ఇచ్చేస్తుంటారు. నమ్మొద్దు, బండి ఛాసిస్ నంబర్ చెప్పి కంప్యూటర్‌లో నంబర్ తీయించి, డబ్బా మీద అదే ఉందో లేదో చూసుకోండి. పంపుతో పాటు ముందు ఆయిల్ సీలు, పంపు ప్యాకింగు, జాలి సీలు విడిగా అడగాలి. ఏది డబ్బాలో ఉంది, ఏది లేదు అని అక్కడే మూత తీసి చూడటం మంచిది, ఎందుకంటే ఇంజన్ విప్పాక ఆయిల్ సీలు కోసం మళ్లీ పరుగెత్తడం మామూలు విషయమైపోయింది. ఈ రకానికి ఉన్న ఒకే ఒక్క ఇబ్బంది సరుకు. హన్మకొండ కౌంటర్‌లో లేకపోతే తెప్పిస్తారు, ఆగాలి. ఆగండి. బండి ఎట్లాగూ తోలకూడదు.

బయటి బ్రాండు: సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి ఆర్టీసీ కార్గోలో పొద్దున చెబితే మర్నాటికి వస్తుంది, ఇక్కడి స్పేర్ పార్ట్స్ షాపుల్లోనూ ఉంటుంది. ఇందులో రెండు జాతులున్నాయి. పేరూ, తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబరూ ఉన్న డబ్బా ఒకటి. తెల్ల డబ్బాలో, "ఫర్ మారుతీ" అని మాత్రమే రాసి, ఎవరు చేశారో తెలియకుండా వచ్చేది రెండోది. మొదటిదాన్ని కొలిచి తీసుకోవచ్చు. రెండోది పేపర్ వెయిట్‌గా బాగుంటుంది.

సెకండ్ హ్యాండ్: స్క్రాప్‌కు పోయిన బండ్లలోంచి తీసి, డీజిల్‌లో కడిగి, పైన తుడిచి ఇస్తారు. పైకి చూడ్డానికి కొత్తదాని కంటే ముచ్చటగా ఉంటుంది. అయితే అది ఎందుకు ఆగిపోయిన ఇంజన్లోంచి వచ్చిందో చెప్పేవాడు లేడు. బేరింగ్ పట్టేసిన ఇంజన్‌దైతే దాని ముక్కలన్నీ మొదట నలిగింది ఆ పంపులోనే. ఇక మజూరీ సంగతి చూడండి: బెల్టూ, పుల్లీ, ఛాంబర్, సైలెన్సర్ ముందు పైపూ విప్పే పని మూడు రకాలకూ ఒకటే. పంపు దగ్గర మిగిల్చిన డబ్బు రెండోసారి విప్పినప్పుడు ఒక్క పూటలో పోతుంది.

కౌంటర్ మీద పది నిమిషాలు

కొలవడానికి కావాల్సింది ఒక ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకు ఆకుల కట్ట), ఒక స్టీలు స్కేలు, అంతే. పంపు వెనక రేకు పలకను ఐదారు స్క్రూలు పట్టి ఉంచుతాయి. షాపువాళ్లు విప్పనిస్తే విప్పండి. విప్పనివ్వకపోతే ఎందుకో అడగండి.

పలక తీయగానే పెద్ద రోటరుకూ కేసింగుకూ మధ్య సందులో ఫీలర్ ఆకు దూర్చాలి. సుజుకీ చిన్న పెట్రోల్ ఇంజన్ల వర్క్‌షాప్ మాన్యువల్లో దీనికి చివరి హద్దు 0.31 మి.మీ. ఇది అరిగిన పంపును పారేసే హద్దు, కొత్త పంపు దీనికి చాలా ఇవతల ఉండాలి. 0.30 ఆకు కొత్త పంపులో సులువుగా జారిపోతుంటే అది పుట్టుకతోనే ముసలిది. తర్వాత స్కేలును కేసింగు ముఖం మీద అడ్డంగా నిలువు అంచున పెట్టి, స్కేలుకూ రోటర్ల ముఖానికీ మధ్య సందు చూడాలి. దీని హద్దు 0.15 మి.మీ. రెండింట్లో ఈ రెండోదే ఎక్కువ కీడు చేస్తుంది. పక్కసందు పెరిగితే ఆయిల్ నెట్టిన వైపు నుంచి పీల్చే వైపుకు రోటరు ముఖం మీదుగానే తిరిగి జారిపోతుంది. స్లోలో ప్రెషర్ పడిపోయే పంపుల్లో ముందు చూడాల్సింది ఇదే.

తర్వాత వేలితో రోటర్లను తిప్పండి. మెత్తగా, ఒకే బరువుతో తిరగాలి. ఎక్కడైనా పట్టి వదిలినట్టుంటే కేసింగు మిల్లింగ్ సరిగా లేదు. రోటరు పళ్ల అంచు మీద గోరు జరపండి. తెల్ల డబ్బా పంపుల్లో అక్కడ సన్నటి ముళ్లు తగులుతాయి, అవి రేపు విరిగి పోయేది మీ మెయిన్ బేరింగ్‌లోకే. ఆయిల్ దారుల్లోకి టార్చి కొట్టి చూస్తే పోత ఇసుక గింజలు మెరుస్తుంటాయి కొన్నిట్లో. సన్నటి పుల్లతో రిలీఫ్ వాల్వు పిస్టన్‌ను నొక్కి వదలండి: స్ప్రింగు మీద జారుతూ లోపలికి పోవాలి, వదలగానే టక్కున వెనక్కి రావాలి. నొక్కినచోటే ఆగిపోతే ఆ పంపుతో బండి స్టార్ట్ చేసిన క్షణం నుంచీ ప్రెషర్ రాదు. మూసుకునే పట్టేస్తే ఇంకో రకం గోల: చలికాలం పొద్దున ప్రెషర్ అదుపు తప్పి ఫిల్టర్ రబ్బరు దగ్గర్నుంచి ఆయిల్ చిమ్ముతుంది.

పాత పంపునూ ఇట్లాగే కొలవండి. హద్దుల్లోపలే ఉండి, గీతలు లేకుండా, వాల్వులో చెత్త మాత్రమే పట్టి ఉంటే, శుభ్రం చేసి అదే వేసుకోవచ్చు. ఇది షాపువాళ్లకు నచ్చని సలహా. రోటర్లు మాత్రమే మార్చే కిట్టు గురించి అడుగుతుంటారు. కేసింగు లోపల గీతలు పడ్డాక కొత్త రోటర్లు వేసి లాభం లేదు. రోటర్లు అరిగిన చోట కేసింగు అరగకుండా ఉండటం అరుదు, అందుకే అసెంబ్లీ అన్నది.

వేసే పని

బ్యాటరీ నెగటివ్ తీసి, ఆయిల్ దింపి మొదలుపెట్టాలి. ఆల్టర్నేటర్ బెల్టూ, ఏసీ ఉంటే దాని బెల్టూ, క్రాంక్ పుల్లీ, టైమింగ్ కవరు. బెల్టు తీయకముందు ఇంజన్‌ను తిప్పి క్యామ్ పుల్లీ, క్రాంక్ పుల్లీ గుర్తులు రెండూ వాటి వాటి గీతలకు ఎదురుగా తెచ్చి ఒక ఫోటో తీసుకోవడం ఎవరికీ నామోషీ కాదు. తర్వాత బెల్టు బిగువు నిలిపే టెన్షనర్, బెల్టు, క్రాంక్ టైమింగ్ పుల్లీ. కింద సైలెన్సర్ ముందు పైపు, క్లచ్ హౌసింగ్ కింది రేకు, ఛాంబర్, జాలి. ఆల్టర్నేటర్ బ్రాకెట్ అడ్డొస్తే అదీ. చివరికి పంపు బోల్టులు. ఇవన్నీ ఒకే పొడుగు కావు, పొట్టివీ పొడుగువీ ఉంటాయి. అట్టముక్క మీద పంపు బొమ్మ గీసి ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టే మెకానిక్ కనిపిస్తే బండి నిశ్చింతగా ఇచ్చేయండి.

బ్లాకు మీద రెండు చిన్న డోవెల్ పిన్నులుంటాయి, పంపు సరిగ్గా క్రాంక్ మధ్యలో కూర్చునేది వాటి వల్లే. పాత పంపుతో పాటు ఊడి అందులోనే ఉండిపోతాయి ఒక్కోసారి. వాటిని మరిచి పంపు బిగిస్తే రోటరు ఓ పక్కకు ఒరిగి తిరుగుతుంది, కొత్త పంపు నెలల్లోనే పాతదవుతుంది.

పాత ప్యాకింగు గీకడానికి స్క్రూడ్రైవర్ వాడొద్దు, అల్యూమినియం కేసింగు మీద పడ్డ గీత శాశ్వతం. ప్లాస్టిక్ గీకుడుబిళ్ల, కాస్త పెట్రోలు చాలు. తుడవడానికి నూలు పోగులు రాలే వేస్ట్ కూడా వద్దు, ఆ పోగులన్నీ చేరేది జాలి మీదికే.

కొత్త పంపును బిగించే ముందు రోటర్ల మధ్య ఇంజన్ ఆయిల్ నిండుగా పోసి చేత్తో తిప్పాలి. ఎండు పంపు పీల్చలేదు, గాలినే నములుతూ ఉంటుంది. ఆయిల్ నిలవడం లేదనుకుంటే పెట్రోలియం జెల్లీ నింపవచ్చు, వేడికి కరిగిపోతుంది. గ్రీజు మాత్రం వద్దు. ఆయిల్ సీలు పెదవికి ఆయిల్ రాసి, క్రాంక్ కొస మీద గైడు తొడిగి జరపాలి. సుజుకీ వాళ్ల దగ్గర దీనికి ప్రత్యేకమైన గైడు ఉంది. అది లేనివాళ్లు పలచటి ప్లాస్టిక్ షీటు చుట్టి పని కానిస్తారు, అదీ ఫర్వాలేదు. ఏమీ లేకుండా తోస్తే సీలు పెదవి లోపలికి మడతపడుతుంది, వారానికే టైమింగ్ బెల్టు ఆయిల్లో తడుస్తుంది.

పంపు బోల్టులకు 11 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. అవి 6 మి.మీ. బోల్టులు, పెద్ద రాడ్డు వేసి బలం చూపించే చోటు కాదు. బిగించాక చాలామంది వదిలేసే పని ఒకటుంది: పంపు ప్యాకింగు కింది అంచు, ఛాంబర్ ముఖం దగ్గర, కొద్దిగా బయటికి పొడుచుకొస్తుంది. పదునైన బ్లేడుతో దాన్ని కేసింగుతో సమంగా కోసేయాలి. కోయకపోతే ఛాంబర్ ఆ మూల దగ్గర సరిగ్గా కూర్చోదు, ఎంత బాండ్ పూసినా అక్కణ్నుంచే చెమ్మ. వరంగల్ బండ్లలో పంపు మార్చాక "ముందు నుంచి ఆయిల్ కారుతోంది" అని వచ్చే ఫిర్యాదుల్లో ఈ అర మిల్లీమీటరు కాగితాన్ని మొదట అనుమానించండి.

జాలికి కొత్త సీలు వేయాలి. పాత సీలు గట్టిపడి ఉంటే ఆ సందులోంచి గాలి పీలుస్తుంది, ఆయిల్ లెవెల్ కాస్త తగ్గగానే లైటు. ఛాంబర్ ముఖానికి బాండ్ సన్నటి దారంలా, తెగకుండా, బోల్టు కన్నాలకు లోపలి వైపుగా పూయాలి. లావుగా పూస్తే బయటికి వచ్చినంతే లోపలికీ వస్తుంది, లోపలి ముక్క ఒకరోజు ఊడి జాలికి పోతుంది. పైన చెప్పిన రబ్బరు ముక్కల పుట్టుక ఇదే. ఛాంబర్ బోల్టులు నడిమి నుంచి చివర్లకు బిగిస్తూ పోవాలి, ఇవీ 11 న్యూటన్ మీటర్లే. డ్రైన్ బోల్టుకు కొత్త వాషరు, 35 న్యూటన్ మీటర్లు. బాండ్ ట్యూబు మీద రాసినంతసేపు ఆరనివ్వాలి. సాయంత్రం బిగించి రాత్రి అట్లా వదిలి పొద్దున ఆయిల్ పోయడం ఉత్తమం.

బెల్టు లక్ష కిలోమీటర్లకు దగ్గరపడి ఉంటే, లేదా ఆయిల్ తగిలి ఉంటే, అదీ టెన్షనరూ ఇప్పుడే మార్చేయండి. ఎట్లాగూ విప్పారు.

స్టార్ట్ చేసేటప్పుడు తొందరొద్దు. కొత్త ఫిల్టర్ రబ్బరుకు ఆయిల్ రాసి చేత్తో బిగించి, ఆయిల్ పోసి, ఫ్యూయల్ పంపు ఫ్యూజు పీకి, పది సెకన్లు సెల్ఫ్ కొట్టి, అర నిమిషం ఆగి, మళ్లీ కొట్టాలి. రెండు మూడు సార్లలో గేజ్ ముల్లు లేస్తుంది. లేచాకే ఫ్యూజు పెట్టి స్టార్ట్ చేయడం. కార్బరేటర్ పాత బండ్లలో కాయిల్ వైరు పీకితే సరి. గేజ్ ఇంకా బిగించే ఉంచి, వేడెక్కాక అవే ఆర్‌పీఎంల దగ్గర మళ్లీ చదివి, రెండు అంకెలూ బిల్లు వెనక రాయించుకోండి: ముందు ఇంత, తర్వాత ఇంత.

ఎవరి దగ్గర చేయించాలి

కంపెనీ వర్క్‌షాపులో పరికరాలుంటాయి, మాన్యువల్ ఉంటుంది, పార్ట్ అసలుదే పడుతుంది. మజూరీ ఎక్కువ, పైగా పాత 800ను చూసి ఆసక్తి చూపించేవాళ్లు తక్కువ. మల్టీబ్రాండ్ షెడ్డుల్లో పని త్వరగా అవుతుంది, కానీ అక్కడ పంపు ఏ డబ్బాలోంచి వచ్చిందో మీ కళ్లముందే తెరిపించాలి. ఆటోనగర్ వైపు, ములుగు రోడ్డు వైపు ఉండే పాత మేస్త్రీల్లో ఈ ఇంజన్‌ను కళ్లు మూసుకుని విప్పేవాళ్లున్నారు. చేయి తిరిగినవాళ్లే, బిగువు కొలిచే టార్క్ రెంచి మాత్రం వాడకుండా గోడకు వేలాడుతుంటుంది. ముగ్గురినీ ఒకే ప్రశ్న అడగండి: "అన్నా, ప్రెషర్ గేజ్ ఉందా?" లేదంటే తెచ్చుకోమనండి, పెద్ద ఖరీదేం కాదు. గేజ్ దేనికి అని ఎదురు అడిగితే బండి వెనక్కి తీసుకోండి.

గ్యారంటీ విషయంలో కౌంటర్ల మాట ఒకటే: వేసిన పంపు వాపసు తీసుకోం. బిగించిన గుర్తు పడితే అయిపోయింది. అందుకే ఆ పది నిమిషాల కొలత కౌంటర్ మీదే కావాలి.

స్విఫ్ట్, డిజైర్ డీజిల్ ట్యాక్సీలవాళ్లు ఇదే పద్ధతి వాటికీ పనికొస్తుందా అనుకోవచ్చు. జబ్బు తేల్చుకునే వరస పనికొస్తుంది, విప్పే పద్ధతి కాదు. ఆ 1,248 సీసీ ఇంజన్‌లో పంపు ముందు టైమింగ్ కవరులోనే కలిసిపోయి ఉంటుంది, కవరుతో సహా మార్చాలి, ఇంజన్ మౌంటు దించాలి. దాని వెనక ఉన్నది బెల్టు కాదు, చైను. చైను టెన్షనర్ బిగువు ఆయిల్ ప్రెషర్ మీదే ఆధారపడుతుంది, టర్బోకూ అదే ఆయిల్. పొద్దున స్టార్ట్ చేయగానే ముందు వైపు గొలుసు చప్పుడు రెండు మూడు సెకన్లు వినిపిస్తుంటే లైటు కోసం ఆగకుండా గేజ్ పెట్టించాలి. టైమింగ్ లాక్ పిన్నులు లేని షెడ్డులో ఆ కవరు విప్పనివ్వొద్దు.

వాడకంలో చూసుకోవాల్సింది కొద్దిదే. మాన్యువల్‌లో 10,000 కిలోమీటర్లని ఉన్నా, దుమ్ము రోడ్ల మీద, ఎండాకాలం 45 డిగ్రీల్లో ట్రిప్పులు కొట్టే ఓమ్నికి 5,000కే ఆయిలూ ఫిల్టరూ మార్చడం మేలు. ఫిల్టర్ చౌకరకం కొంటే దానిలో ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే రబ్బరు సరిగా ఉండదు, రాత్రంతా ఖాళీ అయి పొద్దున లైటు ఆలస్యంగా ఆరుతుంది, దాన్ని చూసి మళ్లీ ఎవరో "పంపు పోయింది సార్" అంటారు. కొత్త పంపు వేశాక మొదటి 500 కిలోమీటర్లకు ఒకసారి ఛాంబర్ అంచు, క్రాంక్ పుల్లీ వెనక వేలితో తుడిచి చూడండి. పొడిగా ఉంటే సరే. పుల్లీ వెనక తడి ఉంటే సీలు మడతపడింది, బెల్టు తడవకముందే అదే మెకానిక్ దగ్గరికి పాత బిల్లుతో వెళ్లండి.